చెవిలో మోతకి, తిండికి ముడి ఎక్కడుంది, ఎక్కడ లేదు

నిదానం
టిన్నిటస్ (బయట శబ్దం లేకపోయినా చెవిలో వినిపించే మోత) అనగానే కాఫీ మానెయ్యమనేవాళ్లు కొందరు, ఉప్పు మానమనేవాళ్లు కొందరు, జింక్ బిళ్లలు, గింకో అనే చెట్టు ఆకులతో చేసిన బిళ్లలు వాడమనేవాళ్లు ఇంకొందరు. వీటిలో దేనికి ఆధారం ఉంది, దేనికి లేదు, ఎవరికి పనికొస్తుంది అన్నది తెలిసినవాళ్లు ఒక్కచోట రాస్తే అందరికీ ఉపయోగం. ముఖ్యంగా రెండు ప్రశ్నలు. ఉప్పు తగ్గించాలంటే ఎంతకి తగ్గించాలి? మోత తగ్గినట్టు అనిపిస్తే అది తిండి మార్పు వల్లేనని ఎలా తేల్చుకోవాలి?

శ్రుతిపెట్టె
తిండి జోలికి వెళ్లేముందు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇందులో ఆలస్యం చేస్తే వినికిడి తిరిగి రాకపోవచ్చు. మూడు రోజుల లోపల ఒక చెవి మందగించి, దాంతోపాటే మోత మొదలైతే అది పథ్యం పాటించి చూసే సమయం కాదు. అదే రోజో మర్నాడో ఇ.ఎన్.టి. డాక్టరుకి చూపించి ఆడియోగ్రామ్ (వినికిడి కొలిచే పరీక్ష) తీయించుకోవాలి. పక్కపక్కనున్న మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ గానీ అంతకు మించి గానీ పడిపోతే అది ఆకస్మిక వినికిడి లోపం. స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఫలితం మీద ఆశ ఉంటుంది. గులిమి అడ్డుపడిందేమోలే అని వారం గడిపేయడం తరచుగా జరిగే పొరపాటు. మోత గుండె లయతో పాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవికే పరిమితమైనా, దాంతో ముఖంలో బలహీనత కనిపించినా ముందు పరీక్ష, తర్వాతే మిగతావి.

ఇక లోపలి చెవికి తిండితో పని ఏమిటి? శబ్దాన్ని పట్టే లోపలి చెవి భాగమైన కాక్లియాలో రెండు ద్రవాలుంటాయి. ఎండోలింఫ్‌లో పొటాషియం ఎక్కువ, సోడియం బహు తక్కువ. దాని చుట్టూ ఉండే పెరిలింఫ్‌లో ఇది తలకిందులు. ఈ తేడాని నిలబెట్టేది స్ట్రియా వాస్క్యులారిస్ అనే పొర. పగలూ రాత్రీ పొటాషియాన్ని తోడుతూ సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తుని అది నిలిపి ఉంచుతుంది. అందుకు రక్తం ఆగకుండా అందాలి. ఆ రక్తం వచ్చే దారి ఒకే ఒక్క సన్నటి ధమని, అది మూసుకుపోతే పక్కదారి లేదు. రక్తనాళాలను పాడుచేసే షుగరు, బీపీ చెవిదాకా రావడానికి కారణం ఇదే. షుగరు ఉన్నవాళ్లలో వినికిడి లోపం సుమారు రెండింతలని అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలతో 2008లో చూపించారు.

శబ్దాన్ని నరాల సంకేతంగా మార్చడంలో పనిచేసేవి రోమకణాలు. ఒక్కో చెవిలో లోపలి వరుస రోమకణాలు 3,500 దాకా, బయటి వరుసవి 12,000 దాకా ఉంటాయి. పోయిన కణం మనుషుల్లో మళ్లీ పుట్టదు, ఏ తిండీ దాన్ని మొలిపించదు. ఎక్కువమందిలో మోత ఎలా వస్తుందంటే, చెవి నుంచి రావలసిన సంకేతం తగ్గినప్పుడు మెదడు తన వైపు వాల్యూమ్ పెంచుకుంటుంది, ఆ పెంపుతో లోపలి సందడే శబ్దంగా వినిపిస్తుంది. కాబట్టి తిండి రెండుచోట్ల మాత్రమే పనికొస్తుంది: మిగిలిన కణాలను కాపాడుకోవడంలో, మోతకి తిండితో ముడిపడ్డ ప్రత్యేక కారణం దొరికినప్పుడు. ఆ రెండో గుంపులో ఉన్నామో లేదో తెలియకుండా ఒక్కో పదార్థం మానుకుంటూ పోతే చివరికి మిగిలేది నీరసమే.

ఉప్పుకల్లు
ఉప్పు సంగతి నేను రాస్తాను. ఇది టిన్నిటస్ ఉన్న ప్రతివారికీ వర్తించే నియమం కాదు. దీని అసలు చోటు మెనియర్స్ వ్యాధి. దాని గుర్తులు: 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉండే తలతిరుగుడు, ఆ చెవిలో హోరు, లోపల ఏదో నిండి బిగుసుకున్నట్టు ఉండటం, ముఖ్యంగా తక్కువ శ్రుతి శబ్దాల దగ్గర ఒకరోజు బాగా ఉండి ఒకరోజు తగ్గే వినికిడి. అందులో ఎండోలింఫ్ గది ఉబ్బుతుంది. 1934లో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్యూర్‌స్టెన్‌బర్గ్ బృందం ఉప్పు తగ్గింపుని ప్రతిపాదించింది. అప్పటి నుంచి అదే మొదటి సలహాగా ఉంది.

ఎంత అంటే, రోజుకి 1,500 నుంచి 2,000 మి.గ్రా. సోడియం. ఇక్కడే లెక్క తప్పుతారు. సోడియం వేరు, ఉప్పు వేరు. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. 2,000 మి.గ్రా. సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు, టీస్పూనుకి కాస్త తక్కువ. అదీ వంటలో వేసేది, పైన చల్లుకునేది, ప్యాకెట్లలో దాగినది అన్నీ కలిపి. ప్యాకెట్ మీద ‘సోడియం’ అని రాశారా ‘ఉప్పు’ అని రాశారా, 100 గ్రాములకి రాశారా ఒక వడ్డనకి రాశారా అన్న రెండూ చూడాలి. 100 గ్రాములకి 800 మి.గ్రా. అని ఉండి, చేతిలో ఉన్నది 70 గ్రాముల ప్యాకెట్ అయితే మీరు తిన్నది 560.

నాలుకకి ఉప్పగా తగలని సోడియమే ఎక్కువ మోసం చేస్తుంది. ఒక టీస్పూను వంటసోడాలో సుమారు 1,260 మి.గ్రా. ఉంటుంది. ఒక టేబుల్‌స్పూను సోయా సాస్‌లో 900 దాకా. బ్రెడ్, చీజ్, నిల్వ మాంసం, సూప్ పొడులు, ఇన్‌స్టంట్ నూడుల్స్ మసాలా ప్యాకెట్ – ఇవి రోజు లెక్కని మింగేస్తాయి.

ఎంత తక్కువ తిన్నామన్నదానికన్నా ఎంత నిలకడగా తిన్నామన్నది ముఖ్యమని నా ఉద్దేశం. ఆరు రోజులు 1,500 తిని ఏడో రోజు విందులో 5,000 తినడం కన్నా రోజూ 2,000 దగ్గర ఉండటం మేలు. రోజులో కూడా మూడు పూటలకీ సర్దాలి. ఒక్కసారిగా సగానికి కోస్తే నాలుక ఒప్పుకోదు, పదో రోజుకి మానేస్తారు. వారానికి నాలుగో వంతు చొప్పున తగ్గిస్తే కొన్ని వారాల్లో పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది.

నిజంగా తగ్గిందా అన్నది తేల్చే పరీక్ష 24 గంటల మూత్రంలో సోడియం. తిన్నదాంట్లో సుమారు 90 శాతం మూత్రంలోనే పోతుంది. రిపోర్టులో మిల్లీమోల్స్ ఇస్తారు, దాన్ని 23తో గుణిస్తే మిల్లీగ్రాములు. 87 మిల్లీమోల్స్ అంటే 2,000 మి.గ్రా. లేచిన వెంటనే పోసిన మొదటి మూత్రం వదిలేసి, అక్కణ్ణుంచి మర్నాటి అదే సమయం దాకా అంతా పట్టాలి. మధ్యలో ఒక్కసారి మర్చిపోతే అంకె తక్కువ వచ్చి లేని ధీమా ఇస్తుంది.

తూనికరాయి
ఉప్పుకల్లు గారి లెక్కలన్నీ సరే. ఆధారం బలం మాత్రం చెప్పుకోవాలి. మెనియర్స్‌లో ఉప్పు, కెఫీన్, మద్యం తగ్గిస్తే ఏమవుతుందని 2018లో కాక్రేన్ సమీక్ష (ఒక విషయం మీద జరిగిన వైద్య ప్రయోగాలన్నీ ఏరి బేరీజు వేసేది) వెతికితే, లెక్కలోకి తీసుకోదగ్గ నియంత్రిత ప్రయోగం ఒక్కటి కూడా దొరకలేదు. పనిచేయదని తేలలేదు, సరిగ్గా ఎవరూ పరీక్షించలేదు. ఖర్చు లేనిది, బీపీకి ఎలాగూ మంచిది కాబట్టి రెండు మూడు నెలలు రాసుకుంటూ ప్రయత్నించడం న్యాయమే. మెనియర్స్ లేని మామూలు సన్నటి ‘కీ...’ శబ్దానికి ఉప్పు మానితే తగ్గుతుందని చెప్పడానికి మాత్రం ఏమీ లేదు.

మందులపెట్టె
ఉప్పుకి ఇంకో దొంగదారి మందుల అలమారా. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రల్లో సోడియం బైకార్బొనేట్ ఉంటుంది. 500 మి.గ్రా. పారాసెటమాల్ పొంగే మాత్ర ఒక్కదాంట్లో సుమారు 400 మి.గ్రా. సోడియం. రోజుకి ఎనిమిది వేసుకుంటే 3,000 దాటిపోతుంది, వంటలో చిటికెడు ఉప్పు వేయకపోయినా సరే. మామూలు మింగే మాత్రకి మారితే చాలు.

‘తక్కువ సోడియం ఉప్పు’ కొనేవాళ్లు ఒకటి గమనించండి. సోడియం బదులు అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, పేరు చివర ‘ప్రిల్’ లేదా ‘సార్టన్’ ఉన్న బీపీ మందులు వాడేవాళ్లు, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ చెడుతుంది. దీనికి ఎదురు ప్రమాదం కూడా ఉంది: పెద్ద వయసులో మూత్రం ఎక్కువ పోయే మందు వాడుతూ ఉప్పు బాగా కోసేస్తే సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక కనిపిస్తే ‘పథ్యం కుదురుకుంటోంది’ అనుకోకుండా రక్తపరీక్ష చేయించాలి.

నేరుగా మోత పుట్టించే వాటిలో మలేరియా మందు క్వినైన్ ఒకటి. టానిక్ వాటర్‌కి చేదు ఇచ్చేది అదే. అమెరికాలో లీటరుకి 83 మి.గ్రా. మించకూడదని హద్దు పెట్టారు. మందు మోతాదుతో పోలిస్తే ఇది తక్కువే. అయినా రోజూ తాగే అలవాటుండి కొత్తగా మోత మొదలైతే రెండు వారాలు ఆపి చూడటం తేలిక.

ఆస్పిరిన్ విషయంలో భయం ఎక్కువ, లెక్క తక్కువ. రోజుకి గ్రాముల్లో వాడినప్పుడు మోత వస్తుంది, ఆపిన కొద్ది రోజుల్లో సాధారణంగా తగ్గుతుంది. గుండెకిచ్చే 75 మి.గ్రా. మోతాదు ఆ స్థాయి కాదు. దాన్ని సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఇక పండ్లలో, మసాలా దినుసుల్లో సహజంగా సాలిసిలేట్లు (ఆస్పిరిన్ జాతి రసాయనాలు) ఉంటాయి కాబట్టి వాటిని మానాలని చెప్పే పథ్యాలున్నాయి. తిండిలో వచ్చేది కొన్ని మిల్లీగ్రాములు, మోతకి కావలసింది గ్రాములు. ఆ పేరుతో పండ్లు మానడం పూర్తిగా నష్టం.

నిదానం
ఇవన్నీ చాలా ఉపయోగం. మరి కాఫీ? దాదాపు ప్రతి సలహా జాబితాలోనూ మొదటి పేరు అదే.

తూనికరాయి
ఆ జాబితాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ప్రయోగంలో టిన్నిటస్ ఉండి కెఫీన్ అలవాటున్న 66 మందికి, ఎప్పుడు కెఫీన్ ఇస్తున్నారో ఎప్పుడు ఉత్తుత్తిది ఇస్తున్నారో తెలియకుండా మార్చి ఇచ్చారు. కెఫీన్ ఆపినందువల్ల మోత తీవ్రత తగ్గలేదు. పైగా ఆపిన తొలి రోజుల్లో తలనొప్పి, వికారం లాంటి ఉపసంహరణ లక్షణాలు వచ్చాయి. 2014లో అమెరికా నర్సుల అధ్యయనం 65,085 మంది మహిళలను 18 ఏళ్లు చూసింది. రోజుకి 150 మి.గ్రా. లోపు కెఫీన్ తీసుకునేవాళ్లకన్నా 450–599 మి.గ్రా. తీసుకునేవాళ్లలో కొత్తగా టిన్నిటస్ వచ్చే అవకాశం 15 శాతం తక్కువ. 2025లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన సమగ్ర విశ్లేషణలో కూడా పండ్లు, పీచు, పాల పదార్థాలు, కెఫీన్ – ఈ నాలుగూ తక్కువ టిన్నిటస్‌తో ముడిపడ్డాయి.

దీన్ని చూసి మోత తగ్గాలని కాఫీ మొదలుపెట్టొద్దు. ఇవి పరిశీలన అధ్యయనాలు. కాఫీ ఎక్కువ తాగేవాళ్లకీ తక్కువ తాగేవాళ్లకీ ఇంకా ఎన్నో తేడాలుంటాయి. తాగుతున్నవాళ్లు భయంతో మానక్కర్లేదన్నంత వరకే దీని అర్థం.

శ్రుతిపెట్టె
ఒక్క సవరణ. తూనికరాయి గారు చెప్పింది మోత మీద కెఫీన్ ప్రభావం గురించి. నిద్ర మీద ప్రభావం వేరే లెక్క, నిద్ర చెడితే మర్నాడు అదే మోత రెట్టింపు బాధిస్తుంది. కెఫీన్ సగం కరగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగుకి తాగిన 100 మి.గ్రా. రాత్రి తొమ్మిదికి 50, తెల్లవారుజాము రెండుకి 25 మిగులుతుంది. కాబట్టి కప్పుల సంఖ్య కన్నా ఆఖరి కప్పు ఎప్పుడన్నది చూడాలి. తగ్గించదలుచుకుంటే మూడు నాలుగు రోజులకి ఒకసారి నాలుగో వంతు తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై వారం దాకా ఉండొచ్చు. ఆ చిరాకులో మోత పెరిగినట్టు అనిపించి, కాఫీ మానితే ఎక్కువైందనే తప్పు తీర్మానానికి వస్తారు.

మద్యం కూడా అంతే. తాగిన గంటలో మోత తగ్గినట్టు ఉన్నా, రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది.

ఆకుపచ్చ
పోషకాల లోపాల గురించి రాయాలి, ఎందుకంటే దొరికితే సరిచేయగలిగినవి ఇవే.

బి12 నుంచి మొదలుపెడతాను. మాంసం, చేపలు, గుడ్లు, పాలు తప్ప సహజంగా ఇంకెక్కడా ఇది నమ్మకంగా దొరకదు. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 2.4 మైక్రోగ్రాములే అయినా, పూర్తి శాకాహారులకీ, ఏళ్ల తరబడి షుగరు మందు మెట్‌ఫార్మిన్ లేదా ఒమెప్రజోల్ లాంటి ఆమ్లం తగ్గించే మందులు వాడేవాళ్లకీ, కడుపు ఆపరేషన్ అయినవాళ్లకీ లోపం వస్తుంది. రక్తంలో 200 పికోగ్రాములు/మి.లీ. కన్నా తక్కువుంటే లోపమే. 200–300 మధ్య తేలకపోతే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష తేలుస్తుంది. పరీక్షకి ముందే బిళ్లలు మొదలుపెడితే అంకె పైకి ఎక్కి అసలు సంగతి కప్పబడిపోతుంది. ముందు రక్తం ఇవ్వండి, తర్వాత బిళ్ల మింగండి. ఇంకో ముఖ్యమైన తప్పు: ఫోలిక్ యాసిడ్ (ఫోలేట్ అనే బి విటమిన్ బిళ్ల రూపం) ఒక్కటే ఎక్కువ మోతాదులో వాడటం. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, బి12 లేక నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఇనుము ఇంకో రకంగా పనిచేస్తుంది. రక్తహీనత బాగా ఉన్నప్పుడు రక్తం పలచబడి, గుండె వేగంగా తోస్తుంది. మెడ నుంచి చెవి పక్కగా పోయే నాళాల్లో ఆ ప్రవాహం హోరెత్తి, నాడితో పాటు ‘ఝుమ్ ఝుమ్’ అని వినిపిస్తుంది. హీమోగ్లోబిన్ సరిపోయినప్పుడు ఈ రకం మోత పోవచ్చు. ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించకుండా ఇనుము వాడొద్దు. వాడేటప్పుడు టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్లలకి కనీసం రెండు గంటల ఎడం ఇచ్చి, సి విటమిన్ ఉన్న పండుతో తీసుకోవాలి. హీమోగ్లోబిన్ పెరిగాక కూడా నిల్వలు నిండేదాకా సాధారణంగా మూడు నెలలు కొనసాగిస్తారు. మధ్యలో ఆపడం వల్లే మళ్లీ మొదటికొస్తుంది.

జింక్ లోపం ఉంటే సరిచేయడం న్యాయం. జింక్ ఉండేవి మాంసం, గుల్ల జలచరాలు, గుమ్మడి గింజలు, పప్పులు.

తూనికరాయి
జింక్ దగ్గర ఇంకాస్త గట్టిగా చెప్పాలనిపిస్తోంది. 2016 కాక్రేన్ సమీక్షకి దొరికినవి మూడు ప్రయోగాలు, మొత్తం 209 మంది. టిన్నిటస్ తగ్గుతుందన్న ఆధారం కనిపించలేదు. పెద్దలకి రోజుకి 40 మి.గ్రా. పైహద్దు. ‘చెవి బిళ్ల’ అని ఒకటి, మల్టీవిటమిన్ అని ఒకటి, జలుబుకి ఇంకొకటి కలిపితే హద్దు దాటడం తేలిక. నెలల తరబడి ఎక్కువైతే రాగి పీల్చుకోవడం ఆగిపోతుంది. రక్తకణాలు తగ్గి, కాళ్లలో తిమ్మిరి, నడకలో తూలుడు వస్తాయి. చెవి కోసం వేసుకున్న బిళ్ల వెన్నుపాముని దెబ్బతీస్తుందన్నమాట.

గింకో సంగతి ఇంకా స్పష్టం. 2001లో బ్రిటన్‌లో 1,121 మందితో చేసిన ప్రయోగంలో 50 మి.గ్రా. రోజుకి మూడుసార్లు, 12 వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి బిళ్లకన్నా ఏమీ మెరుగు లేదు. అమెరికా ఇ.ఎన్.టి. అకాడమీ 2014 మార్గదర్శకాలు వదలకుండా బాధించే టిన్నిటస్‌కి గింకో, మెలటోనిన్, జింక్, ఇతర సప్లిమెంట్లు సిఫారసు చేయొద్దని నేరుగానే చెప్పాయి.

ఫోలేట్‌కి ఒక మంచి ప్రయోగం ఉంది. 2007లో నెదర్లాండ్స్‌లో 728 మందికి మూడేళ్లు రోజుకి 800 మైక్రోగ్రాములు ఇస్తే తక్కువ శ్రుతి శబ్దాల్లో వినికిడి తగ్గుదల 0.7 డెసిబెల్స్ మేర నెమ్మదించింది. అంకె చిన్నది, చెవికి తెలిసేంత కాదు. పైగా అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపరు కాబట్టి పాల్గొన్నవాళ్లలో ఫోలేట్ మొదటే తక్కువ.

మందులపెట్టె
గింకో విషయంలో ఇంకొకటి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు వాడేవాళ్లకి రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందు ఆపమంటారు. ‘మూలికే కదా’ అని డాక్టరుకి చెప్పకపోవడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

నిదానం
అయితే మొత్తం భోజనం ఎలా ఉండాలి? విడివిడి పోషకాలు కాకుండా?

ఆకుపచ్చ
బీపీ కోసం రూపొందించిన డ్యాష్ ఆహారం, మధ్యధరా ఆహారం – ఈ రెండు పద్ధతులకి దగ్గరగా తిన్న మహిళల్లో వినికిడి లోపం ముప్పు సుమారు 30 శాతం తక్కువని నర్సుల అధ్యయనం 2018లో చెప్పింది. అదే అధ్యయనంలో వారానికి రెండు లేదా అంతకన్నా ఎక్కువసార్లు చేపలు తిన్నవాళ్లకి 20 శాతం తక్కువ. కంచం దగ్గరికొస్తే: సగం కూరలూ పండ్లూ, పావు ముతక ధాన్యం, పావు పప్పు లేదా చేప లేదా గుడ్డు. చెవికంటూ వేరే కంచం లేదు, గుండెకి మంచిదే దీనికీ.

తూనికరాయి
నేనిది ఒప్పుకుంటాను గానీ ఒక ఇబ్బంది ఉంది. బ్రిటన్ బయోబ్యాంక్‌ (పెద్ద ఆరోగ్య సమాచార నిధి)లో 34,576 మంది లెక్కలతో 2020లో వచ్చిన విశ్లేషణలో బి12 ఎక్కువ తీసుకునేవాళ్లలో టిన్నిటస్ తక్కువ. కాల్షియం, ఇనుము, కొవ్వు ఎక్కువ తీసుకునేవాళ్లలో టిన్నిటస్ ఎక్కువ. 2025 విశ్లేషణేమో పాలు మంచివంటోంది. ఇలా ఎదురెదురుగా వచ్చినప్పుడు ఒక పోషకం పేరు పట్టుకుని తిండి మార్చుకోకూడదు. ఇనుము లోపం ఉన్నవాళ్లు ఈ వాక్యం చదివి ఇనుము మానేస్తే పెద్ద పొరపాటు.

మొదటి పోస్టులోని రెండో ప్రశ్న మిగిలింది. మోత తనంతట తానే ఎగుడుదిగుడు అవుతుంది. బాగా ఎక్కువైన రోజునే మనం పథ్యం మొదలుపెడతాం, ఏమీ చేయకపోయినా తర్వాతి వారం తగ్గేదే. ఆ తగ్గుదల పథ్యం ఖాతాలో పడుతుంది. అందుకే మొదటి రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. రోజూ ఒకే సమయానికి, ఒకే గదిలో, రెండు అంకెలు: శబ్దం ఎంత గట్టిగా ఉంది (0–10), ఎంత బాధించింది (0–10). ఇవి రెండూ కలిపి రాస్తే పనికిరాదు, ఎందుకంటే తరచుగా గట్టిదనం మారదు, బాధ మారుతుంది. పక్కనే నిద్ర గంటలు, పెద్ద శబ్దాల మధ్య గడిపిన సమయం, ఆందోళన రాయాలి. తర్వాత ఒకే ఒక్క మార్పు, మూడు వారాలు. ఆ తర్వాత పాత తిండికి ఒక వారం తిరిగి రావాలి. ఈ చక్రం రెండుసార్లు ఒకేలా తిరిగితేనే నమ్మండి. రోజుకి పదిసార్లు చెవిలోకి తొంగి చూస్తూ రాస్తే మోత మీదే దృష్టి నిలిచి బాధ పెరుగుతుంది కాబట్టి ఒక్కసారే రాయాలి.

శ్రుతిపెట్టె
ఆ దశల మొదట్లో, చివర్లో టిన్నిటస్ ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే టీహెచ్ఐ ప్రశ్నాపత్రం కూడా నింపండి. 25 ప్రశ్నలు, 0 నుంచి 100. కనీసం 7 పాయింట్లు తగ్గితేనే అర్థవంతమైన మార్పుగా లెక్క.

నమలడం గురించి ఎవరూ రాయలేదు. పళ్లు గట్టిగా బిగించినప్పుడు, దవడ ముందుకి చాచినప్పుడు మోత శ్రుతి మారితే అందులో దవడ, మెడ కండరాల పాత్ర ఉంటుంది. అలాంటివాళ్లకి చూయింగ్ గమ్, గట్టి గింజలు, నమిలి నమిలి తినే మాంసం రెండు వారాలు ఆపి మెత్తటివి తినడం ఒక మంచి పరీక్ష. తేడా కనిపిస్తే వెళ్లవలసింది దవడ కీలు చూసే దంత వైద్యుల దగ్గరికి. ఇక్కడ మారింది తిండిలోని పోషకం కాదు, నమిలే బరువు. డైరీలో ఆ రెండు వారాలకి ‘ఏం తిన్నాను’ అన్న గడి పక్కన ‘ఎంత గట్టిగా నమిలాను’ అని ఇంకో గడి గీసుకోండి.